‘కాలమైతే’ అనే మాట

అనంతపురం జిల్లా పడమటి మెట్టలో, ముఖ్యంగా కళ్యాణదుర్గం, కంబదూరు, కుందుర్పి, శెట్టూరు ప్రాంతాల పల్లెల్లో, ‘కాలం’ అనే మాటకు నిఘంటువులు ఇచ్చే అర్థాలకంటె బలమైన మరొక అర్థం వాడుకలో ఉంది. వానలు వేళకు కురిసి పంట చేతికి వచ్చిన సంవత్సరాన్ని గురించి అక్కడివారు ‘కాలమైంది’ అంటారు. వాన మొహం చాటేసి పైరు ఎండిపోయిన సంవత్సరాన్ని గురించి ‘కాలం కాలేదు’ అంటారు. ఈ వాడుక నుంచే ‘కాలమైతే’ అనే షరతు పుట్టి, సేద్యపు గట్టు దాటి, బతుకంతటా పాకింది. కూతురిని పైచదువుకు పంపడం కాలమైతే. కారుతున్న మిద్దెను తిరగవేయించడం కాలమైతే. బెంగళూరులో కూలిపనికి పోయిన కొడుకు తిరిగివచ్చి ఊళ్లోనే చిన్న దుకాణం పెట్టుకోవడం కాలమైతే. మనిషి తన కోరికకూ దాని ఆరంభానికీ నడుమ నిలబెట్టుకునే ఈ షరతు ఎంతవరకు న్యాయమైనది, ఎక్కడ అది వివేకం కాకుండా పోయి ఉత్త ఎదురుచూపుగా మిగులుతుంది అన్నది నేటి ప్రసంగ విషయం.

ముందుగా, ఆ షరతు తీరడం ఎంత అరుదో తెలియాలి. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలకు తగిలి తమ నీటిలో అధికభాగాన్ని అక్కడే కురిపించి, కనుమలు దాటి ఈ పీఠభూమికి వచ్చేసరికి తేలికపడిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతపు తీరాన్ని తడిపి, ఇంత లోపలికి చేరేలోగా చాలావరకు అలసిపోతాయి. ఈ రెండింటికీ అందకుండా కొండల చాటున పడిపోయిన నేలను భూగోళశాస్త్రం వర్షచ్ఛాయా ప్రాంతమని పిలుస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనిని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. అయితే రైతును దెబ్బతీసేది ఈ సగటుకంటె, వానకూ వానకూ మధ్య వచ్చే ఎడమే. పైరు నిలబడి ఉండగా మూడు నాలుగు వారాలపాటు చినుకు లేకుండా పోవడాన్ని బెట్ట అంటారు. మొత్తం వాన లెక్కకు సరిపోయిన సంవత్సరంలో కూడా ఒక్క బెట్ట పంటను తినివేయగలదు. ఇలాంటి పలుచని ఎర్రనేలలో ‘అన్నీ కుదిరిన ఏడు’ అనేది ఎంత అపురూపమో వేదవతి నది చరిత్రలోనే ఒక కొలత దొరుకుతుంది. కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లాలో, హిరియూరు దగ్గర, ఆ నదిపై మైసూరు సంస్థానం 1907లో పూర్తిచేసిన వాణీ విలాస సాగరం జలాశయం 1933లో నిండి పొర్లింది. ఆ తరువాత మళ్లీ పొర్లింది 2022లో. నడుమ 89 సంవత్సరాలు. ఆ నదే కిందికి దిగి, ఆంధ్రదేశంలో అడుగుపెట్టి, రాయదుర్గం, కళ్యాణదుర్గం సీమల పొలిమేరలో భైరవానితిప్ప జలాశయాన్ని నింపవలసి ఉంది. ఎగువ చెరువు పొర్లడానికే మూడు తరాలు పట్టినప్పుడు దిగువ రైతు ఎన్ని ఏళ్లు ఆ నీటి కోసం ఏటివైపు చూసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు.

కాలువల కథ కూడా ఇటువంటిదే. తుంగభద్రకు ఆనకట్ట కట్టి ఈ కరువు నేలకు నీరు మళ్లించవచ్చునని ఆర్థర్ కాటన్ 1860లోనే సూచించాడు. ఆ ఆలోచనకు పదహారేళ్ల తరువాత వచ్చిన 1876–78 నాటి మహాక్షామం దత్తమండలాలను, అంటే నిజాం ఈస్టిండియా కుంపినీకి వదలివేసిన నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలను, చిదిమివేసింది. ఆనకట్ట పని మొదలైంది 1945లో, ముగిసింది 1953లో. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తూ తెచ్చే హంద్రీనీవా సుజల స్రవంతి, దశాబ్దాల కోరిక తరువాత, 2012లో గాని బెళుగుప్ప మండలంలోని జీడిపల్లికి చేరలేదు. ఆ నీరు రావడం గొప్ప విషయం, దాని కోసం పోరాడినవారి శ్రమ మరువరానిది. కాని 1860లో పుట్టిన బిడ్డ, కాలువ వచ్చాక సేద్యం మొదలుపెడతానని కూర్చుని ఉంటే, అతని మనుమలు కూడా విత్తి ఉండరు.

అయినా ఈ సీమలో ఏ తరమూ విత్తకుండా ఉండలేదు. ఎలా విత్తారన్నదే ఇక్కడి అసలు విద్య, దానికి రైతులు పెట్టుకున్న పేర్లు రెండు: అదును, పదును. విత్తనానికి తగిన వేళ అదును. మొలకకు చాలినంత నేల తడి పదును. అదును పంచాంగం చెబుతుంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల గడువును కార్తె అంటారు. జూన్ రెండో వారంలో మొదలయ్యే మృగశిర, తరువాత ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, ఇలా కార్తెలు ఎవరి కోసమూ ఆగకుండా జరిగిపోతాయి. పదును మాత్రం ఆకాశం ఇవ్వాలి. రైతు చేనిలోకి దిగి, మడమతో నేల తొలిచి, గుప్పెడు మట్టి తీసి పిడికిట పట్టి చూస్తాడు. పిడికిలి విప్పినప్పుడు మట్టి ముద్దగా నిలిచి, బొటనవేలితో నొక్కితే విడిపోతే పదును ఉన్నట్టు, పొడిగా రాలితే లేనట్టు. ఈ పరీక్షలో గమనించవలసిన సంగతి ఒకటుంది. పంట మొత్తానికి చాలినంత నీరు నేలలో ఉన్నదా అని అతడు చూడడు. అంత నీరు ఏ నాడూ ఉండదు. మొలకకు చాలునా అని మాత్రమే చూస్తాడు. ఈ సీమలో శెనక్కాయ అనీ బుడ్డలనీ పిలిచే వేరుశనగకు సుమారు నూట పది రోజుల ఆయుష్షు ఉంటే, విత్తే నాటికి రైతు చేతిలో ఉన్న తడి మొదటి పది రోజులకు సరిపోతుంది, మిగిలిన నూరు రోజులూ రాబోయే వానల మీద భారం. జూలై నెల వేరుశనగకు మంచి అదునని అనంతపురం పక్కనున్న రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా చెబుతుంది. ఆ నెలలో పడిన మొదటి పదునువానకు తెల్లవారేసరికి గొర్రు కట్టినవాడి సాలు మొలుస్తుంది, ఇంకొక వాన చూద్దామన్నవాడికి చాలా తరచుగా నేల ఆరిపోయి, కార్తె కూడా దాటిపోతుంది.

గొర్రు అంటే పళ్లున్న విత్తనపు పనిముట్టు. దాని మీద గిన్నెవలె తొలిచిన కొయ్యను జడ్డిగం అంటారు. వెనుక నడిచే స్త్రీ ఒడిలోని గింజలను పిడికిలిలోకి తీసుకుని, ఎద్దుల నడకకు తన వేళ్ల కదలికను జతచేసి, జడ్డిగంలోకి విడుస్తూ పోతుంది. గింజలు గొట్టాల గుండా జారి సాళ్లలో పడతాయి, వెనువెంటనే గుంటక తోలి మన్ను కప్పుతారు. ట్రాక్టరు గొర్రులు వచ్చాక ఈ దృశ్యం తగ్గింది గాని, తడి ఆరేలోగా గింజను నేలకు చేర్చాలన్న ఆత్రం తగ్గలేదు. ఆ ఆత్రాన్ని తొందరపాటు అనడం పొరపాటు. మే నెలలోనే దుక్కి దున్ని, పెంట తోలి, కాయలు ఒలిచి, విత్తనం ఏరి సిద్ధంగా పెట్టుకున్నవాడే ఆ ఒక్క తెల్లవారుజామును వాడుకోగలడు.

గత కొన్నేళ్లుగా ఈ విద్య ఇంకొక అడుగు ముందుకు వేసింది. రాష్ట్ర ప్రభుత్వం 2014లో నెలకొల్పిన రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి సేద్యం వ్యాపిస్తున్న క్రమంలో, అనంతపురం వంటి వర్షాధార జిల్లాల్లో వానలకు ముందే, ఎండు నేలలోనే, విత్తడం మొదలైంది. కార్యకర్తలు దీనిని పీఎండీఎస్ (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్) అంటారు, రైతులు నవధాన్యాలు చల్లడమంటారు. నవధాన్యాలన్న పేరే గాని గింజలు తొమ్మిది రకాలకు ఆగవు. కొర్ర, సజ్జ, జొన్న, కంది, పెసర, అలసంద, ఉలవ, అనుములు, ఆముదం, నువ్వులు, గోంగూర, ఇంకా కూరగాయల గింజలు కలిసి కొన్నిచోట్ల ఇరవై దాటుతాయి. ఆ గింజలను వట్టిగా చల్లితే చీమలు మోసుకుపోతాయి, పిట్టలు ఏరుకుంటాయి, లేదా ఒక చిరుజల్లుకు మోసపోయి మొలిచి, మూడో నాటికి మాడిపోతాయి. అందుకని వాటికి కవచం తొడుగుతారు. గింజలను గోనె పట్టా మీదనో వెడల్పాటి బేసినులోనో పోసి, పేడ, గోమూత్రం, సున్నం కలిపి చేసిన బీజామృతం చిలకరించి, జల్లించిన బంకమట్టి చల్లుతూ అటూ ఇటూ దొర్లిస్తారు. మట్టి పట్టాక మళ్లీ చిలకరింపు, ఆపైన పేడతో చేసి ఎండబెట్టిన ఘనజీవామృతపు పొడి, చివరికి కట్టెల బూడిద. ఇలా పొరమీద పొర పట్టి ప్రతి గింజా గుళికవలె తయారవుతుంది. నీడన ఆరబెట్టి, చేనిలో చల్లి, పైన వేరుశనగ పొట్టో చొప్పో పరిచి నేలను కప్పుతారు; ఈ కప్పును ఆచ్ఛాదన అంటారు. చిన్న జల్లు పడితే పై పొర తడిసి ఊరుకుంటుంది; లోపలి వరకూ దిగే వాన పడినప్పుడే గింజ మేలుకుంటుంది. అలా మొలిచిన నలభై యాభై రోజుల పచ్చదనంలో కొంత పశువుల మేతకు, కొంత ఇంటి కూరకు పోగా, మిగిలినది అసలు పంటకు నేలను మెత్తబరుస్తుంది.

అనుకూల పరిస్థితి గురించి ఎవరైనా ఆలోచించదలచుకుంటే ఈ గుళికను అరచేతిలో పెట్టుకుని చూడడం మేలు. ఇందులో వాన వస్తుందన్న గుడ్డి నమ్మకం లేదు, రాదన్న దిగులూ లేదు. రాకపోతే నష్టపోయేది కొద్ది గింజలు, కొన్ని రోజుల పని. వచ్చిందా, ఒక్క పూట కూడా వృథా కాదు. పంటలు పలువిధాలు గనుక ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. ఏళ్ల తరబడి ఈ జిల్లా దీనికి విరుద్ధమైన దారిలో నడిచింది. ఒకప్పుడు సుమారు 8 లక్షల హెక్టార్లలో, చూపు ఆనినంత మేర, ఒక్క వేరుశనగే. ఊడలు నేలకు దిగే దశలో, అంటే పూలు రాలాక కాయ కట్టబోయే కొస మట్టిలోకి చొరబడే రోజుల్లో, బెట్ట వచ్చిందంటే జిల్లా అంతా ఒకేసారి దివాలా. కళ్యాణదుర్గం చుట్టుపక్కల మండలాల్లో మల్లారెడ్డి నాయకత్వంలో పనిచేసిన యాక్షన్ ఫ్రెటర్నా ఎకాలజీ సెంటర్ చిరుధాన్యాల వైపు, మిశ్రమ పంటల వైపు, ఆ దశలో ఒకటి రెండు రక్షక తడులు ఇచ్చే ఏర్పాట్ల వైపు రైతులను తిప్పడానికి శ్రమించింది ఇందుకే.

బోరుబావి సంగతి ఇక్కడే చెప్పాలి. మొదటి బోరు ఎండితే రెండోది, అది ఎండితే మూడోది, అప్పు మీద అప్పు తెచ్చి వందల అడుగుల లోతుకు రాయిని తొలిపించి, చివరికి భూమిని, కొన్ని ఇళ్లలో ప్రాణాన్ని కూడా పోగొట్టుకున్న రైతుల దుఃఖం ఈ జిల్లాకు కొత్త కాదు. దానిని దుస్సాహసమని లోకం అంటుంది. నిదానించి చూస్తే అది సాహసానికి సంబంధించిన తప్పు కానే కాదు. ముందు నీరు సంపూర్ణంగా ఉండాలి, ఆ తరువాతే సేద్యం అన్న పట్టుదల అది. అనుకూల పరిస్థితిని ముందుగానే, ఎంత వెల పెట్టి అయినా, కొనితెచ్చుకోవాలనుకోవడం కూడా దాని కోసం ఎదురుచూడడంలో ఒక రూపమే, బహుశా అన్నిటికంటె ఖరీదైన రూపం. ఉన్నదంతా ఒడ్డి దూకడాన్నీ, ఉన్న తడితో ఒక సాలు విత్తడాన్నీ ఒకే గాట కట్టి, రెండింటినీ ధైర్యమని పొగడేవారు యువకులకు మేలు చేయడం లేదు.

ఈ నేలకు బయటినుంచి వచ్చి, ఇక్కడి ఈ విద్యను తనదిగా చేసుకున్న వ్యక్తి విన్సెంట్ ఫెర్రర్. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టి, జెస్యూట్ మిషనరీగా 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర బావులు తవ్వుకునే రైతులకు అండగా నిలిచి, అక్కడి పెద్దల ఆగ్రహానికి గురై 1968లో దేశం విడవవలసి వచ్చిన ఆయన, 1969లో కొద్దిమంది అనుచరులతో అనంతపురం చేరుకున్నాడు. అప్పటికి ఆయన వెనుక సంస్థ లేదు, చేతిలో నిధులు లేవు, దేశంలో ఉండనిస్తారన్న భరోసా కూడా గట్టిది కాదు. తలదాచుకోవడానికి దొరికిన ఖాళీ ఇంటి గోడమీద, అద్భుతం కోసం ఎదురుచూడమనే అర్థం వచ్చే రాత ఒకటి కనిపించిందనీ, ఎదురుచూస్తూ కూర్చోవడానికి బదులు దానిని తామే జరిపించాలని ఆయన నిశ్చయించుకున్నాడనీ ఆయన జీవితకథ చెప్పేవారు తప్పక చెబుతారు. ఆ ఇంటిలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బావులతో, బడులతో, దళితవాడల్లో పక్కా ఇళ్లతో పెరుగుతూ పోయి, బత్తలపల్లిలోను, కళ్యాణదుర్గంలోను ఆసుపత్రులు నడిపే స్థాయికి చేరింది. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూశాడు. సమాధి బత్తలపల్లిలో ఉంది. ఆసుపత్రులు కట్టగలిగిన నాడే పని మొదలుపెడతానని ఆయన అనుకుని ఉంటే కళ్యాణదుర్గంలో ఆ ఆసుపత్రి ఉండేది కాదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు అని పేరు పెట్టినప్పుడు, దానిని చూసి నవ్వుకున్నవారే ఎక్కువ. వారు ముందుగా చేసింది పెద్ద పని కాదు: పశువులు తొక్కకుండా, నిప్పు అంటకుండా కాపలా కాశారు, వాన నీరు జారిపోకుండా కట్టలు వేశారు. నరికివేసిన చెట్ల వేళ్లు నేలలో ఇంకా బతికే ఉన్నాయి గనుక అవే చిగిర్చాయి. కొన్నాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల స్త్రీలు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. పొదుపు ఉద్యమాల చరిత్ర తెలుగునాట అంతటా ఒకటే పాఠం చెబుతుంది; రోజుకు ఒక రూపాయి దాచడం మొదలుపెట్టిన నాడు ఆ స్త్రీలలో ఎవరికీ ఆ రూపాయి మిగులుగా లేదు.

చదువు విషయంలో ఈ సూత్రాన్ని ఒక సంస్థగా మలచిన ఘనత కూడా తెలుగువారిదే. హైదరాబాదులో 1982లో, జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా, దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది; నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర ఉంది. సార్వత్రికం అంటే అందరికీ తలుపు తెరిచినది అని అర్థం. బడి మెట్లు సరిగా ఎక్కనివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలును అది కల్పించింది. పెళ్లయిన స్త్రీ, బస్సు కండక్టరు, కొట్టు నడిపేవాడు, తమ బతుకు కుదురుకునే దాకా ఆగకుండా, ఆదివారపు తరగతులతో చదువుకున్నారు.

ఇంతవరకు వచ్చాక ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పక తప్పదు. లేనివాడితో ‘ఇప్పుడే మొదలుపెట్టు’ అనడం కడుపు నిండినవాడి మాట కాదా? ఇది న్యాయమైన ప్రశ్న. నీరు ఇవ్వవలసినది ప్రభుత్వం, పంట బీమా చెల్లించవలసినది ప్రభుత్వం, ఊరికి బడిని, బస్సును నడపవలసినది ప్రభుత్వం. పేదవాడి పట్టుదలను పొగడుతూ ఆ బాధ్యతలను ఎగవేయడానికి ఎవరికీ హక్కు లేదు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని బండ్లపల్లిలో ప్రారంభమైంది. కరువులో కూలికి చట్టబద్ధమైన హామీ దొరికాక చాలా కుటుంబాలకు కాలు ఊనే చోటు దొరికింది. అటువంటి చోటు లేనివాడిని సాహసించమనడం క్రూరత్వమే. అయితే అడగడమూ, మొదలుపెట్టడమూ ఒకదానికొకటి అడ్డు కావు. కాలువ కోసం దశాబ్దాలు ధర్నాలు చేసిన రైతు ఆ ధర్నాకు పోయే ముందు తెల్లవారుజామున తన చేను విత్తి పోయినవాడే. పైగా, ‘కాలమైతే’ అనే షరతు భారం ఇంట్లో అందరి మీదా సమానంగా పడదు. కొడుకు చదువు అప్పు చేసి అయినా సాగుతుంది. కాలం కోసం ఆగవలసిందిగా మొదట చెప్పించుకునేది కూతురే, ఆమెకు కాలమయ్యేలోగా పెళ్లి అవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, ఆ మాటను అనుమానంతో చూడడానికి.

కళ్యాణదుర్గం సీమలోని తల్లిదండ్రులకు ఈ ప్రసంగం చేసే విన్నపం ఒకటే. ఇంటర్మీడియట్ ముగించి ఇంట్లో కూర్చున్న అమ్మాయి ఉంటే, ఈ ఏడు వాన ఎలా ఉంటుందో తేలేవరకు ఆగవద్దు. డిగ్రీ ప్రవేశాల గడువు కూడా కార్తెలాంటిదే, దాటిపోతుంది. దరఖాస్తు నింపడానికి చాలినంత పదును ఏ ఇంట్లోనైనా ఉంటుంది.